పావు ఎకరం యార్డ్‌కి వీడ్ ఈటర్: బ్యాటరీదా, గ్యాస్‌దా?

ఫ్రిస్కో_ఫణి
డాలస్ పక్కన ఇల్లు తీసుకున్నాం. లాట్ పావు ఎకరం కంటే కొంచెం తక్కువ. ఇల్లు, డ్రైవ్‌వే పోగా మిగిలిందంతా బెర్ముడా గడ్డి. గడ్డి కోసే మూవర్ పాత ఓనర్ వదిలేసి వెళ్లాడు, అది బాగానే నడుస్తోంది. గొడవంతా అంచుల దగ్గరే. ఫెన్స్ వెంట, ఏసీ యూనిట్ చుట్టూ, సైడ్‌వాక్ పక్కన గడ్డి మోకాళ్ల దాకా వస్తోంది. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) వాళ్ల ఉత్తరం కూడా వచ్చేసింది. అందుకే వీడ్ ఈటర్ కొందామని చూస్తున్నాం, అదే, నైలాన్ దారం గిర్రున తిప్పి గడ్డి కోసే మిషన్, ట్రిమ్మర్ అని కూడా అంటారు.

స్టోర్‌లో ఒకాయన గ్యాస్‌దే తీసుకో (ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే), బ్యాటరీవి పిల్లల బొమ్మలు అన్నాడు. ఆఫీసులో మా టీమ్‌మేట్ బ్యాటరీ తప్ప ఇంకోటి చూడనే వద్దంటాడు. ఇంట్లో చంటిపాప ఉంది, అది మధ్యాహ్నం పడుకునే టైములోనే నాకు ఖాళీ. సొంతంగా వాడుతున్నవాళ్లు చెప్పండి. 20, 40, 56, 80 వోల్టులని డబ్బాల మీద రాసి ఉంది, ఆ తేడా ఏంటో కూడా కాస్త చెప్పండి.

ఎడిసన్_లలిత
పాప పడుకునే టైములో వాడాలి అన్నారు కాబట్టి సగం తేలిపోయినట్టే. బ్యాటరీదే తీసుకోండి. మా ఇంటికి ముందూ వెనకా కలిపి ఒక్క ఛార్జింగ్ సరిపోతుంది. మా ఆయన ఊళ్లో లేకపోతే నేనే కొట్టేస్తాను. స్టార్ట్ చేయడానికి తాడు లాగే పని లేదు, చేతులకు గ్యాస్ వాసన అంటదు. అయితే అసలు చప్పుడే ఉండదని మాత్రం అనుకోకండి. దారం తిరిగే మోత ఉంటుంది. పాప గది కిటికీ కింద వేరే టైములో చేసుకోండి.

హ్యూస్టన్_మస్తాన్
లలిత గారూ, తాడు లాగడం గురించి అందరూ ఇలాగే భయపెడతారు. సరిగ్గా చూసుకున్న గ్యాస్ ఇంజిన్ రెండు మూడు లాగుళ్లకి అందుకుంటుంది. నాకు ఇంజిన్లంటే ప్రాణం. వీకెండ్స్‌లో మా చుట్టుపక్కల మనవాళ్ల మిషన్లు బాగుచేసి పెడుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఇంజిన్ చెడిపోయినవి చాలా తక్కువ. చలికాలమంతా ట్యాంకులో పాత గ్యాస్ వదిలేసినవే ఎక్కువ.

ఇక్కడ బంకులో పోసే గ్యాస్‌లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవుంటే కార్బ్యురేటర్‌లో (ఇంజిన్‌కి గ్యాస్, గాలి కలిపి ఇచ్చే భాగం) సన్న రంధ్రాలు జిగురు పట్టి మూసుకుపోతాయి, అందులోని పల్చటి పొర, డయాఫ్రమ్, గట్టిపడుతుంది. అందుకే ఏప్రిల్ రాగానే "స్టార్ట్ అవ్వట్లేదన్నా" అని ఫోన్లు. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి పెడితే ఈ బాధ ఉండదు. లేదంటే ఆయిల్ ముందే కలిపి డబ్బాల్లో అమ్మే ఇథనాల్ లేని ఫ్యూయెల్ వాడండి. ధర ఎక్కువే, కానీ ఇంటి యార్డ్‌కి ఏడాదికి ఎంతో పట్టదు.

ఇంకోటి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ విడిగా పోసే చోటు ఉండదు, గ్యాస్‌లోనే కలపాలి. ఇప్పటి మోడల్స్ చాలావాటికి 50:1, అంటే గ్యాలన్‌కి 2.6 ఔన్సులు. ఉత్త గ్యాస్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఇక ఆ మిషన్ మీద ఆశ వదులుకోవడమే. కలిపే పని వద్దనుకుంటే ఫోర్ స్ట్రోక్ ఉంది. హోండా జీఎక్స్25, జీఎక్స్35 ఇంజిన్లతో వచ్చేవి చూడండి. ఆయిల్ దారి ఆయిల్‌దే, గ్యాస్ దారి గ్యాస్‌దే.

ట్రాయ్_రాజ్యం
మస్తాన్ గారూ, మీరు రాసినదంతా చదివాక నాకు బ్యాటరీ మీద ఇష్టం ఇంకా పెరిగింది :) నెలకు మూడు నాలుగు సార్లు వాడే మిషన్‌కి ఇంత సేవ ఎవరు చేస్తారండీ?

హ్యూస్టన్_మస్తాన్
@ట్రాయ్_రాజ్యం ఇష్టం ఉన్నవాళ్లు చేస్తారమ్మా. కానీ ఆ ఇంజిన్‌ని ఇరవై ఏళ్ల తర్వాత కూడా విప్పి, పది డాలర్ల సామానేసి నడిపించవచ్చు. మీ బ్యాటరీ అప్పటికి ఉంటుందా?

బాబ్జీ_వోల్ట్స్
ఫణి అడిగిన వోల్టుల సంగతి ఎవరూ చెప్పలేదు, నా పని కూడా బ్యాటరీలతోనే కాబట్టి నేను చెప్తాను.

లోపల ఉండేవి లిథియం సెల్స్. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో 4 దాటుతుంది. 20 అని రాసినదాంట్లో వరుసగా 5 సెల్స్ ఉంటాయి, అసలు వోల్టేజ్ 18. 40లో 10 సెల్స్, అసలుది 36. 56లో 14 సెల్స్, అసలుది 50. 80లో 20 సెల్స్, అసలుది 72. డబ్బా మీద పెద్ద అంకె ఫుల్ ఛార్జ్‌లో వచ్చేది, దాన్ని చూసి మురిసిపోవద్దు.

చూడాల్సింది వాట్ అవర్స్, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందో ఆ లెక్క. వోల్టుల్ని ఆంపియర్ అవర్స్‌తో గుణించండి. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్స్ అయితే 72. 36 వోల్టులు, అవే 4 అయితే 144. అంటే డబుల్. పైగా వోల్టేజ్ పెరిగితే అంతే పనికి తక్కువ కరెంట్ చాలు, వైర్లూ మోటారూ తక్కువ వేడెక్కుతాయి. దట్టమైన గడ్డిలో 20 వోల్టుల మిషన్ మూలిగితే 56 వోల్టులది అలాగే తిరుగుతూ పోతుంది. మీ లాట్‌కి 40 లేదా 56 చాలు, 80 అవసరం లేదు. మోటారు బ్రష్‌లెస్ (లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేనిది) అయితేనే కొనండి.

మస్తాన్ గారి ప్రశ్న న్యాయమైనదే. లిథియం ప్యాక్‌ని వాడినా వాడకపోయినా వయసు మీద పడుతుంది. చూసి వాడితే చాలా ఏళ్లు వస్తుంది, ఇరవై ఏళ్లు మాత్రం రాదు. ఆ సంగతి తెలిసే కొనాలి.

పాలమూరు_పోరడు
అందరూ పావెకరం లెక్కలే చెప్తున్నరు. మాది సెలీనా దాటినంక రెండెకరాల జాగా, వెనక వాగు. జాన్సన్ గ్రాస్ మనిషెత్తు లేస్తది. బ్యాటరీది తెచ్చి చూసిన, గట్టు సగం కాకముందే లైట్ ఎర్రగ అయింది. ఎండల నిలబడి ఛార్జింగ్ కోసం ఎదురుచూసుడు మనతోని కాదు. ఇప్పుడు గ్యాస్‌ది స్ట్రెయిట్ షాఫ్ట్ (వంపు లేని తిన్నటి కడ్డీది), బ్లేడ్ పెట్టుకునేది వాడుతున్న. ట్యాంకు నింపు, నడిపియ్యి, మళ్ల నింపు. జాగా పెద్దగుంటే వేరే మాటే లేదు.

ఫ్రిస్కో_ఫణి
@పాలమూరు_పోరడు అన్నా, నాకంత జాగా ఉంటే నేనూ అదే కొనేవాణ్ని. మాకు జాన్సన్ గ్రాస్ లేదు, బెర్ముడా మాత్రం ఫెన్స్ కింద నుంచి పక్కింటివాళ్ల వైపు కూడా పాకుతోంది.

మొక్కల_మాధవి
బెర్ముడా అంటే మన గరికే కదా, పాకకుండా ఎలా ఉంటుంది? నేల పైనా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. వినాయక చవితికి పెరట్లోంచే కోసుకోవచ్చు, అదొక్కటే లాభం.

మిషన్ ఏదైనా సరే, కొనేవాళ్లందరికీ ఒక మాట. చెట్టు మొదలు దగ్గరికి ఆ దారాన్ని తీసుకెళ్లకండి. మేం ప్రాణంలా పెంచుకున్న దానిమ్మ మొక్క ఉండేది. గడ్డి కోయడానికి వచ్చే మనుషులు వారం వారం దాని మొదట్లో దారం తగిలిస్తూ పోయారు. బెరడు చుట్టూతా లేచిపోయింది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర నుంచే వేళ్లకు దిగుతుంది. ఆ పొర చుట్టూ తెగిపోయిందంటే కింద వేళ్లు ఆకలితో చచ్చిపోతాయి. పైన కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది, అందుకే మనకి ఆలస్యంగా తెలుస్తుంది. మా దానిమ్మ ఆ వేసవి దాటలేదు, ఇప్పటికీ ఆ చోటు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మొక్క చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున గడ్డి తీసేసి మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటిది) వేయండి. అసలు ట్రిమ్మర్‌తో పనే ఉండదు. మల్చ్ మాత్రం కాండానికి ఆనకుండా చూసుకోండి.

ఎడిసన్_లలిత
అయ్యో మాధవి గారూ. మేము అంజూర చుట్టూ ప్లాస్టిక్ గార్డ్ పెట్టాం, కానీ మల్చ్ ఇంకా నయం అనిపిస్తోంది. ఈ వీకెండ్ వేసేస్తాను.

హ్యూస్టన్_మస్తాన్
చెట్ల మాట వచ్చింది కాబట్టి, అసలీ మిషన్ పుట్టిందే చెట్ల కోసం. మా హ్యూస్టన్‌లో 1971లో జార్జ్ బల్లాస్ అనే ఆయన చెట్ల చుట్టూ గడ్డి ఎలా తీయాలా అని ఆలోచిస్తూ, కార్‌వాష్‌లో గిర్రున తిరిగే నైలాన్ కుచ్చుల్ని చూశాడట. ఇంటికొచ్చి పాప్‌కార్న్ డబ్బాకి బెజ్జాలు పెట్టి, చేపల గాలం దారం కట్టి, గడ్డి అంచులు కోసే ఎడ్జర్ మోటారుకి తగిలించి తిప్పాడు. వీడ్ ఈటర్ అన్న పేరు ఆయన పెట్టిందే. 1977లో కంపెనీని ఎమర్సన్ ఎలక్ట్రిక్‌కి అమ్మేశాడు. ఆయనకి డ్యాన్స్ స్కూల్ ఉండేది, ఇంజినీర్ కూడా కాదు!

సాక్రమెంటో_శ్రీ
మా కాలిఫోర్నియాలో ఈ చర్చకి ప్రభుత్వమే సగం జవాబు చెప్పేసింది. 2021లో ఏబీ 1346 చట్టం వచ్చింది. దాని కింద పెట్టిన రూల్స్ ప్రకారం 2024 మోడల్ సంవత్సరం నుంచి ఇలాంటి చిన్న కొత్త ఇంజిన్లలో చాలావాటికి ఉద్గారాలు సున్నా ఉండాలి. ఇంట్లో ఉన్న పాత గ్యాస్ మిషన్ వాడుకోవడానికి అడ్డు లేదు, అది చాలామందికి తెలియక కంగారు పడుతున్నారు.

కారణం కూడా చిన్నదేమీ కాదు. టూ స్ట్రోక్‌లో ఇంధనంలో కొంత భాగం కాలకుండానే సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. పనివాళ్లు వాడే గ్యాస్ లీఫ్ బ్లోయర్ (రాలిన ఆకుల్ని గాలితో ఊదేది) గంట నడిస్తే వచ్చే పొగమంచు కాలుష్యం, 2017 టయోటా కామ్రీని సుమారు 1,100 మైళ్లు నడిపినంత అని ఇక్కడి గాలి కాలుష్యం చూసే ఎయిర్ రిసోర్సెస్ బోర్డే లెక్క చెప్పింది. ట్రిమ్మర్ అంత కాకపోవచ్చు, కానీ ఆ పొగ మన ముక్కు పక్కనే వస్తుంది కదా. మా అబ్బాయికి ఆస్తమా. నాకు ఇందులో రెండో ఆలోచనే లేదు.

పాలమూరు_పోరడు
@సాక్రమెంటో_శ్రీ మీ బాబు సంగతి అర్థమైతది అన్నా. కానీ దాని మీదనే బతికేటోళ్లు ఉన్నరు. రోజుకు పది ఇండ్లు కోసేటోడు ఎన్ని బ్యాటరీలు మోయాలె, ఎంత పెట్టుబడి పెట్టాలె? ఇంటికి వాడుకునేటోనికి ఒక రూల్, పనోనికి ఒక రూల్ ఉంటే బాగుండు.

సాక్రమెంటో_శ్రీ
అందులో నిజముంది. చిన్న ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ల కోసం రాష్ట్రం డిస్కౌంట్ వోచర్లకి 3 కోట్ల డాలర్లు కేటాయించింది, ఇంకా చాలా కావాలని వాళ్లే అంటున్నారు. ఫణి గారి అవసరం మాత్రం ఇంటి యార్డే కదా.

కోనసీమ_కుర్రాడు
మేము అమలాపురం దగ్గర. మా కొబ్బరి తోటలో బ్రష్ కట్టర్ వాడతాం, 52 సీసీ టూ స్ట్రోక్, సైడ్ ప్యాక్ (భుజానికి పక్కన తగిలించుకునేది). మీరు చెప్పే దారం మా దగ్గర గట్ల మీద గడ్డికే. తుంగ, వయ్యారిభామ ముదిరిపోయాయంటే మూడు పళ్ల బ్లేడ్ బిగించాల్సిందే. లీటరు పెట్రోల్‌కి గంట అటూ ఇటూ నడుస్తుంది. తోట మధ్యలో ప్లగ్ పాయింట్ ఎక్కడ ఉంటుంది? కాబట్టి మాకు పెట్రోలే. మా పిన్ని వాళ్ల డాబా ముందు కొంచెం లాన్ ఉంది, ఆవిడ చిన్న బ్యాటరీది కొనుక్కుంది, సుఖంగా ఉంది.

మస్తాన్ గారు చెప్పిన ఇథనాల్ బాధ మాకు ఇంకా ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో 20 శాతం కలిసినదే వస్తోంది, పైగా మాది తేమ నేల. వాడనప్పుడు ట్యాంకులో చుక్క ఉంచం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కళ్లజోడు లేకుండా ఎవరూ మిషన్ పట్టుకోవద్దు. మా ఊళ్లో ఒకాయన కంటికి రాయి తగిలి ఆపరేషన్ దాకా వెళ్లింది. చెప్పులతో, లుంగీతో అసలు వద్దు. పక్కన పిల్లలు తిరుగుతుంటే ఆపేయండి.

మొక్కల_మాధవి
వంద లైకులు ఈ చివరి మాటకి. ఇక్కడ కూడా షార్ట్స్, చెప్పులతో కొట్టేవాళ్లని వీధికొకరిని చూస్తున్నా. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆయన సరదా పడితే ముందు బూట్లు, కళ్లజోడు చేతిలో పెట్టాకే మిషన్ ఇచ్చాం.

ట్రాయ్_రాజ్యం
బ్యాటరీ కొనేవాళ్లకి చలి దేశం నుంచి ఒక సంగతి. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే కింద లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు, సెల్ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. చలికాలం మేము ప్యాక్‌ని గరాజ్‌లోంచి ఇంట్లోకి తెచ్చేసుకుంటాం.

బాబ్జీ_వోల్ట్స్
కరెక్ట్. టెక్సస్‌లో దానికి ఎదురు బాధ. జూలైలో మూసిన గరాజ్‌లో 45 డిగ్రీలు దాటేస్తుంది. వేడి సెల్స్‌కి శత్రువు, ఫుల్ ఛార్జ్‌తో వేడిలో ఉంచితే ఇంకా నష్టం. పని అవ్వగానే వేడి ప్యాక్‌ని ఛార్జర్‌లో గుచ్చకండి, అరగంట నీడలో ఆరనివ్వండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌లో, ఇంట్లో చల్లటి చోట పెట్టండి. పాడైన ప్యాక్‌ని చెత్తబుట్టలో వేయొద్దు, చెత్త లారీల్లో మంటలు లేస్తున్నాయి. హోమ్ డిపో, లోస్ స్టోర్లలో పాత రీఛార్జబుల్ బ్యాటరీలు తీసుకునే పెట్టెలు ఉంటాయి.

ఎడిసన్_లలిత
ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి పట్టదు. బ్యాటరీ విడిగా కొనాలంటే మిషన్ ధరలో సగం పైనే అవుతుంది. అందుకని రేపు బ్లోయర్, హెడ్జ్ ట్రిమ్మర్ కొంటారా అని ఇప్పుడే ఆలోచించుకోండి. ఒకే కంపెనీవైతే తర్వాతవి బ్యాటరీ లేకుండా ఉత్త మిషన్ తెచ్చుకోవచ్చు.

ఆస్టిన్_అన్వేష్
మధ్యలో దూరుతున్నాను. మా నాన్నకి తెనాలిలో ఇంటి చుట్టూ స్థలం ఉంది. ఇక్కడి నుంచి 56 వోల్టులది ఒకటి సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్దామని ఉంది. ఎవరైనా తీసుకెళ్లారా?

బాబ్జీ_వోల్ట్స్
@ఆస్టిన్_అన్వేష్ వద్దు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. చేతి బ్యాగులో అయినా 100 వాట్ అవర్స్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు కుదరదు. 56 వోల్టులకి 2.5 ఆంపియర్ అవర్స్ ప్యాక్ కూడా 100 దాటేస్తుంది. తీరా తీసుకెళ్లినా ఇక్కడి ఛార్జర్ 120 వోల్టులది, అక్కడ గోడలో వచ్చేది 230.

కోనసీమ_కుర్రాడు
@ఆస్టిన్_అన్వేష్ అన్నయ్యా, ఇక్కడే కొనండి. విజయవాడలో, గుంటూరులో అన్నీ దొరుకుతున్నాయి. దగ్గర్లో సర్వీస్ చేసే మనిషి ఉన్నాడా లేదా అన్నదే చూడండి. నాన్నగారి వయసు ఎంత? మా పెట్రోల్ మిషన్ బరువు, అదురు పెద్దవాళ్లు తట్టుకోలేరు.

ఆస్టిన్_అన్వేష్
డెబ్భై దాటారు. సరే, ఇండియాలోనే చిన్న బ్యాటరీది చూస్తాను, థాంక్స్ తమ్ముడూ.

ఫ్రిస్కో_ఫణి
అందరి పోస్టులూ మా ఆవిడతో కలిసి చదివాను. 56 వోల్టులది, బ్రష్‌లెస్, స్ట్రెయిట్ షాఫ్ట్ తీసుకుంటున్నాం. బ్లోయర్ కూడా తర్వాత అదే కంపెనీది. మస్తాన్ గారూ, మీ మాట తీసేసినట్టు కాదు, మా స్థలం చిన్నది, పాప కూడా ఉంది. దారం సంగతి చెప్పండి, 0.080 అంగుళాల లావుది ఒకటి, 0.095ది ఒకటి చూశాను.

హ్యూస్టన్_మస్తాన్
నాకేం కోపం లేదు ఫణీ, నీ ఇంటికి అదే సరైనది. దారం మిషన్ మాన్యువల్‌లో రాసినంత లావుదే వెయ్యి. రెండూ పడతాయంటే ఫెన్స్ వెంట 0.095 మన్నుతుంది, కానీ బ్యాటరీ త్వరగా తాగేస్తుంది. మామూలు కోతకి 0.080 చాలు. దారం ఎండి పెళుసైపోతే రాత్రంతా నీళ్లలో నానబెట్టు, నైలాన్ నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, ఫెన్స్‌కి తగిలిన ప్రతిసారీ పుటుక్కున తెగదు. కోసేటప్పుడు దారం కొసతో కొయ్యాలి, దారం తిరిగే తలకాయని గడ్డిలోకి తోసెయ్యకు. మోకాళ్ల ఎత్తు గడ్డిని ఒకేసారి మొదలుకి కొడితే తలకి చుట్టుకుంటుంది, పైనుంచి రెండు విడతల్లో దించు.

పాలమూరు_పోరడు
ఫస్ట్ రోజు హెచ్‌ఓఏ వాళ్లకు కనపడే ముందు దిక్కు కొట్టు ఫణన్నా, వెనక దిక్కు తర్వాత సూస్కోవచ్చు.